ఏ కెమెరా కొనాలి? విశాఖ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి చాలా ఉత్తరాల్లో మోడల్ పేర్లే ఉన్నాయి: ఇది కొననా, అది కొననా అని. ఏం తీయబోతున్నారో రాసినవారు తక్కువ. తీసేది ఎంత దూరంలో ఉంటుంది, కదులుతుందా, అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది? ఈ మూడూ తేలితే ఏ లెన్స్ కావాలో తెలిసిపోతుంది. లెన్స్ తేలాక బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) ఎంచుకోవడం అరగంట పని. అందుకే ఆ వివరాలు రాసినవారి ఉత్తరాలకే ముందుగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బడ్జెట్ 75 వేలు. ఆర్‌కే బీచ్‌లో సూర్యోదయాలు, మా ఇద్దరు పిల్లల ఫొటోలు, ఏడాదికోసారి అరకు. డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకోవాలా, మిర్రర్‌లెస్సా? రెండు లెన్సుల కిట్ అయితే తగ్గించి ఇస్తామని షాపువాళ్లు అంటున్నారు. (గాజువాక)

జవాబు: మిర్రర్‌లెస్ తీసుకోండి, అంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే అద్దం లేని కెమెరా. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఫొటోలు బాగా రావని కాదు. మిర్రర్‌లెస్‌లకి లెన్స్ తగిలించే మౌంట్లు, కానన్ ఆర్‌ఎఫ్, నికాన్ జెడ్, రెండూ 2018లో వచ్చాయి, ఆ తర్వాత ఆ కంపెనీల దృష్టి క్రమంగా వాటి వైపే మళ్లింది. ఇవాళ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ కొంటే నాలుగేళ్ల తర్వాత ఇంకో లెన్స్ కావాలన్నప్పుడు పాత సామాను బజారే గతి. పిల్లల సంగతి చూసినా అంతే. కానన్ 1500డిలో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, అవీ ఫ్రేమ్ నడిమిన గుంపుగా ఉంటాయి. పరుగెడుతున్న పిల్ల ఓ పక్కకి జరిగిందంటే ఫోకస్ వెనకున్న గోడ మీద పడుతుంది. కొత్త మిర్రర్‌లెస్‌లు కన్ను ఎక్కడుందో పట్టుకుని ఫ్రేమ్ అంచు దాకా వెంటే వెళ్తాయి.

మీ బడ్జెట్‌కి సాధారణంగా కానన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10 చూపిస్తారు. సోనీది వీడియోలు తీసేవాళ్ల కోసం చేసిన బాడీ, దానికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. సూర్యుడు కాస్త పైకొచ్చాడంటే బీచ్‌లో స్క్రీన్ మీద ఎండ తప్ప ఇంకేమీ కనపడదు. కాబట్టి మీకు ఆర్50 నయం. దాని బాడీలో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, అందుకే లెన్స్ పేరులో ఐఎస్ ఉందో లేదో చూసుకోండి. కిట్‌లో వచ్చే 18-45కి ఉంది.

రెండు లెన్సుల కిట్ మాత్రం వద్దు. అందులో రెండోది దూరానివి దగ్గరగా చూపే 55-210ఎంఎం. దాని 210 చివర ఎఫ్/7.1 (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది), అంటే సాయంత్రం నాలుగున్నర దాటాక, ఇంట్లో ఎప్పుడైనా, పనికిరాదు. ఆ డబ్బుతో ఆర్‌ఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8 తీసుకోండి. పిల్లల ముఖాలకి అంతకు మించింది ఈ ధరలో లేదు. ఒక్క ఇబ్బంది ఉంది: ఈ సెన్సర్ మీద 50ఎంఎంకి మూడు మీటర్ల దూరంలో అడ్డంగా పట్టేది దాదాపు 1.3 మీటర్లే. చిన్న గదిలో ఇద్దర్నీ కలిపి తీయాలంటే వెనక్కి జరిగేందుకు చోటు చాలదు, అక్కడ కిట్ లెన్సే వాడుకోవాలి.

మిగిలిన డబ్బు ట్రైపాడ్‌కి. సూర్యోదయానికి ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 పెడితే తెల్లవారే వెలుగులో షట్టర్ తెరిచి ఉండే సమయం 1/30 సెకను దగ్గర వస్తుందనుకుందాం. ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్ల గాజు, ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) పెడితే అది రెండు సెకన్లవుతుంది, పది స్టాపులదైతే 34 సెకన్లు. రెండు సెకన్లకి వెనక్కిపోయే నీళ్ల చారలు ఇసుక మీద గీతల్లా వస్తాయి, 34 సెకన్లకి సముద్రం పొగమంచులా మారుతుంది. ఆర్‌కే బీచ్‌లో మొదటిదే బాగుంటుంది. కెరటం వచ్చేటప్పుడు కాకుండా వెనక్కి తీస్తున్నప్పుడు నొక్కండి. ట్రైపాడ్ కాళ్లను ఇసుకలోకి గట్టిగా నొక్కి దించాకే ఫ్రేమ్ పెట్టుకోండి, లేకపోతే కెరటం తగిలిన ప్రతిసారీ కాస్త కాస్త కిందికి దిగి ఫొటో చెదిరిపోతుంది. ట్రైపాడ్ కాళ్లలో అన్నిటికంటే కింది ముక్కని ఓ జానెడు బయటికి లాగండి. అప్పుడు దాన్ని బిగించే లాక్ ఇసుకకి, ఉప్పునీటికి పైన ఉంటుంది. ఆ లాక్‌లోకి ఇసుక వెళ్తే ఇక తిప్పినప్పుడల్లా కరకరలే.

ప్రశ్న: కొండకర్ల ఆవలో పక్షులు తీయాలని కోరిక. నా దగ్గర కానన్ 200డి మార్క్ 2, 18-55 లెన్స్ ఉన్నాయి. ఎంత దగ్గరికి వెళ్లినా పిట్ట చుక్కలా వస్తోంది. ఫుల్‌ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్ కెమెరాకి) మారితే క్లారిటీ వస్తుందని స్నేహితుడు చెబుతున్నాడు. లక్షా పాతిక వేల వరకు పెట్టగలను. (ఎన్‌ఏడీ కొత్తరోడ్డు)

జవాబు: మీ స్నేహితుడి మాట వింటే డబ్బు పోయి పిట్ట ఇంకా చిన్నదవుతుంది. ఓ లెక్క చూడండి. జానెడు లకుముకి పిట్ట, 20 సెంటీమీటర్లనుకుందాం, మీకు 30 మీటర్ల దూరంలో కొమ్మ మీద ఉంది. 55ఎంఎం లెన్స్‌తో సెన్సర్ మీద పడే దాని బొమ్మ 0.37 మిల్లీమీటర్లు. మీ కెమెరా సెన్సర్ ఎత్తు 14.9 మిల్లీమీటర్లు, అందులో నిలువునా నాలుగు వేల పిక్సెళ్లు. అంటే పిట్ట మొత్తానికీ వచ్చేవి వంద పిక్సెళ్లు. ఈకలు ఎక్కడ కనపడతాయి? 600ఎంఎం లెన్స్ పెడితే అదే పిట్ట 4 మిల్లీమీటర్లు, దాదాపు 1,070 పిక్సెళ్లు. ఇప్పుడు కంట్లో మెరుపు కూడా వస్తుంది. అదే 600ఎంఎం లెన్స్‌ని 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌కి తగిలిస్తే బొమ్మ సైజు మారదు, కానీ పిక్సెళ్లు పెద్దవి కాబట్టి 670 దగ్గర ఆగిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ తక్కువ వెలుతురులో గెలుస్తుంది, దూరానికి కాదు.

కాబట్టి బాడీ ఉంచుకుని లెన్స్ కొనండి. సిగ్మా, టామ్రాన్ 150-600 లెన్సులు మీ కెమెరాకి సరిపోయే కానన్ ఈఎఫ్ మౌంట్‌లో దొరుకుతాయి. సిగ్మా కాంటెంపరరీ దాదాపు రెండు కిలోల బరువు. కొనే ముందు షాపులోనే పది నిమిషాలు చేత్తో ఎత్తి పట్టుకుని చూడండి, చేయి వణికితే ముందు 55-250 ఎస్‌టీఎంతో మొదలుపెట్టడం మంచిది. రేపు కానన్ మిర్రర్‌లెస్‌కి వెళ్లినా ఈఎఫ్ నుంచి ఆర్‌ఎఫ్‌కి అడాప్టర్ ఉంది, లెన్స్ వృథా కాదు.

ఇక వాడకం. దోనె ఎక్కితే ట్రైపాడ్ వద్దు, దోనె ఊపంతా దాని కాళ్ల గుండా కెమెరాకి చేరుతుంది. తక్కువ ఎత్తులో కూర్చుని మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. కొమ్మ మీదున్న పిట్టకి 1/1000, ఎగిరేదానికి 1/2000, ఎపర్చర్ 600 దగ్గర ఎఫ్/6.3, ఐఎస్‌ఓ ఆటోలో పెట్టి గరిష్ఠం 3200. ఫోకస్ మోడ్ కదిలేదాన్ని వెంటాడే ఏఐ సర్వో, ఫోకస్ పాయింట్ నడిమిది ఒక్కటే. ఫోకస్ పాయింట్లన్నీ ఆన్‌లో వదిలేస్తే కెమెరా పిట్టని వదిలి ముందున్న తుంగని పట్టుకుంటుంది. తెల్ల కొంగకి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ ఒకటి దాకా దించాలి, లేకపోతే ఈకలన్నీ కలిసి తెల్లకాగితం ముక్కలా వస్తాయి. నల్లటి నీటికాకికి ప్లస్ అరా, ఒకటీ. వెళ్లేది తెల్లవారగానే వెళ్లండి. ఎండ ఎక్కాక నీటి మీద గాలి కదలాడుతుంది, దాని గుండా తీసిన ఫొటో ఎంత ఖరీదైన లెన్స్‌తోనైనా మెత్తగానే వస్తుంది. చాలామంది ఆ తప్పు లెన్స్ మీద వేసి మార్చేస్తుంటారు.

ప్రశ్న: గోడకి 12×18 అంగుళాల ప్రింట్ వేయించాలి. 24 మెగాపిక్సెళ్లు చాలవా, 45 కావాలా? (అక్కయ్యపాలెం)

జవాబు: చాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×5400, అంటే 19.4 మెగాపిక్సెళ్లు. ఎక్కువగా కత్తిరించి వాడే అలవాటుంటేనే 45 గురించి ఆలోచించండి.

ప్రశ్న: ఏడాదిగా అల్మరాలో బ్యాగులోనే ఉన్న లెన్స్ లోపల సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తున్నాయి. తుడిస్తే పోవడం లేదు. (లాసన్స్ బే కాలనీ)

జవాబు: అది ఫంగస్. లోపలి గాజు మీద పెరుగుతుంది కాబట్టి బయట ఎంత తుడిచినా పోదు. లెన్స్ విప్పి వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. అంచున రెండు మూడు పోగులే ఉంటే సర్వీస్ సెంటర్‌లో విప్పి శుభ్రం చేస్తారు. నడిమి దాకా అల్లుకుని కోటింగ్‌ని తినేసి ఉంటే మచ్చ మిగులుతుంది, ఎదురు వెలుగులో తీసిన ఫొటోలు పాలిపోయినట్టు వస్తాయి. మామూలు కిట్ లెన్స్ అయితే బాగుచేయించే ఖర్చుకి ఇంకోటి వస్తుందేమో ముందు కనుక్కోండి.

అసలు దోషి ఆ బ్యాగు. మన సముద్రగాలి చెమ్మంతా దాని స్పాంజి పీల్చుకుని లోపలే ఉంచుతుంది. బ్యాగు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. వంటింట్లో వాడేలాంటి, మూతకి రబ్బరు రింగున్న 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా కొని, అందులో 200 గ్రాముల సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి పెట్టండి. పక్కనే తేమని కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఉంచండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటిందంటే జెల్ నిండిపోయింది. నీలం జెల్ గులాబీ రంగుకి మారడం కూడా అదే చెబుతుంది. 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ నీలం అవుతుంది. నీలం జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అందుకే వంట పాత్రల్లో వేడి చేయకండి, దానికంటూ ఓ పాత రేకు పళ్లెం కేటాయించండి. బియ్యంలో పెట్టే అలవాటు మానేయాలి. ఆ దుమ్ము లెన్స్ రింగుల్లోకి వెళ్తుంది. లెన్సులు మూడు నాలుగు దాటితే కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ మేలు.

ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తీసుకెళ్తే గాజు మీద నీరు పడుతుంది, లోపల కూడా. జిప్ కవర్‌లో మూసి అరగంట బయట ఉంచాక తెరవండి. తిరిగొచ్చాక ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేయాలి, తర్వాత మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ మీది ఉప్పు తుడిచి, ఆపై పొడి గుడ్డ. ఊదకుండానే తుడిస్తే ఆ ఇసుకే గరుకు కాగితమై గీతలు పెడుతుంది.

ప్రశ్న: రుషికొండ పైనుంచి డ్రోన్‌తో తీయవచ్చా? 250 గ్రాముల లోపుదైతే అనుమతి అక్కర్లేదంటున్నారు. (మధురవాడ)

జవాబు: ఆ బరువు లోపల పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎక్కడ ఎగరేయవచ్చన్నది వేరే నిబంధన, అది చిన్న డ్రోన్‌కీ వర్తిస్తుంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. కొనకముందే ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీరు ఎగరేయాలనుకున్న చోటు ఏ రంగులో ఉందో చూడండి. ఎరుపైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ప్రశ్న: పాత నికాన్ డీ5600, 18-140 లెన్స్‌తో అమ్ముతున్నారు. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ నొక్కిన లెక్క) 38 వేలు అన్నారు. ఏం చూసి కొనాలి? (ద్వారకానగర్)

జవాబు: ఆ కెమెరా షట్టర్‌ని లక్షసార్లకి పరీక్షించారు కాబట్టి 38 వేలు ఫరవాలేదు, ఆ మాట నిజమైతే. మీ కార్డు వేసి అక్కడికక్కడే ఒక జేపెగ్ తీసి, ఆ ఫైల్‌లోని ఎక్సిఫ్ వివరాల్లో కౌంట్ మీరే చూడండి. ఎఫ్/22 పెట్టి ఫోకస్ చెదరగొట్టి తెల్ల గోడని తీయండి. నల్లచుక్కలైతే దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు. గీత కనిపిస్తే వదిలేయండి. తర్వాత ఓ దినపత్రిక పేజీని గోడకి చదునుగా అంటించి, ఎదురుగా నిలబడి ఎఫ్/5.6లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. మూడు మూలల్లో అక్షరాలు స్పష్టంగా ఉండి ఒకదాంట్లో అలుక్కుపోతే లెన్స్ ఎప్పుడో కిందపడి ఉండవచ్చు.

మన ఊరికి ముఖ్యమైన పరీక్ష ఇంకోటి. బ్యాటరీ గదిలోని రేకులు, పైన ఫ్లాష్ తగిలించే చోటు చూడండి. పచ్చగా గానీ తెల్లపొడిలా గానీ పట్టి ఉంటే ఉప్పుగాలి లోపలికి వెళ్లింది, ధర ఎంత తగ్గించినా వద్దు. స్క్రూల తలలు చెదిరి ఉంటే ఎవరో విప్పారు. బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ కింది నంబరు ఒకటే కావాలి. ఇంకో మాట: ఈ బాడీలో ఫోకస్ మోటార్ లేదు. తర్వాత చవకగా దొరికిందని లోపల మోటార్ లేని 50ఎంఎం ఏఎఫ్-డి లెన్స్ కొంటే చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శన కళాభారతిలో ఉంది. పోయినసారి కిట్ లెన్స్‌తో తీస్తే చేతులన్నీ చెదిరి, ఫొటోల మీద అడ్డచారలు వచ్చాయి. ఈసారి కెమెరానే మార్చాలా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: కెమెరా వద్దు, లెన్స్ చాలు. ముద్ర పట్టిన చేయి చెదరకుండా ఉండాలంటే 1/500 కావాలి. కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఆ వెలుతురుకి ఐఎస్‌ఓ 12800 అడిగిందనుకుంటే, ఎఫ్/1.8 లెన్స్‌తో అదే ఫొటో 1300కి వస్తుంది. ముందు వరుసల్లో కూర్చుంటే 50 చాలు, మధ్యలో అయితే 85ఎంఎం ఎఫ్/1.8. వెలుతురు సరిపోతే లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/2.5 దాకా మూయండి, లేకపోతే కన్ను స్పష్టంగా ఉండి ముందుకి చాచిన చేయి మసకబారుతుంది.

చారలకి కారణం స్టేజీ ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి ఆ మినుకులే చారలవుతాయి. సైలెంట్ మోడ్ తీసేసి మెకానికల్ షట్టర్ పెట్టండి, యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. అప్పటికీ చారలొస్తే నృత్యం ఆగి భంగిమ పట్టిన క్షణాలకి 1/100కి దిగండి, తీర్మానం (జతి ముగింపు) దగ్గర అలాంటివి బోలెడు దొరుకుతాయి. వెలుతురు కొలిచే మీటరింగ్‌ని స్పాట్‌లో ఉంచి ముఖం మీద పెట్టండి. వెనక నల్ల తెర ఉంటే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, ముఖం తెల్లబోతుంది. ఫ్లాష్ వాడకండి. వెనక వరుసల నుంచి అది స్టేజీ దాకా అందదు, నర్తకి కళ్లలో మాత్రం పడుతుంది. ముందురోజు లైట్లతో రిహార్సల్ ఉంటే ఇరవై ఫొటోలు తీసి ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి.