డిలీట్ చేసినా ఖాళీ అవ్వని డిస్క్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ చదివాను. బాగుంది అని ఒక ముక్క పెట్టేసి ఊరుకోవచ్చు గానీ దానివల్ల నీకేం ఒరగదు, అందుకే కాస్త పొడుగు ఉత్తరమే రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

విజయనగరంలో మీ పెళ్ళి వీడియోల మిక్సింగ్ ల్యాబ్, ముహూర్తాల సీజన్, పాత ఫోల్డర్లన్నీ తీసేసినా డీఎఫ్ (డిస్క్‌లో ఎంత చోటు మిగిలిందో చెప్పే కమాండ్) కొడితే డిస్క్ ఫుల్ అనే చూపించడం, మీ ఓనర్ గారు వెనక నిలబడి "తీసీసేనన్నావు కదేటి, మరి కాళీ అవ్వలేదేటి" అని అడగడం, ఇదంతా చాలా బాగా వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్నే నీ ఆర్టికల్ మొత్తానికి ప్రశ్న. కానీ నువ్వు రెండో పేరాలోనే ఆయన్ని వదిలేసి, "ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద అన్ని మెషీన్లూ ఒకే డిస్క్ వాడుకునే పద్ధతి) సర్వర్‌లో బగ్ ఉంది, ప్యాచ్ (కోడ్‌కి సవరణ) వచ్చింది, సమస్య తీరింది" అని పరిగెత్తేశావు. ఆయనకి జవాబు చెప్పలేదు.

ముందు ఆయనకి చెప్పు. ఫైల్ డిలీట్ చేస్తే పోయేది పేరు. ఫోల్డర్‌లోంచి పేరు తీసేసి, ఐనోడ్‌లో (ఫైల్ వివరాలు రాసి ఉండే చోటు) ఉన్న లింక్ కౌంట్ (ఆ ఫైల్‌కి ఎన్ని పేర్లున్నాయన్న లెక్క) ఒకటి తగ్గిస్తారు, అంతే. ఆ కౌంట్ సున్నా అవ్వాలి, ఆ ఫైల్‌ని ఓపెన్ చేసి పట్టుకున్నవాళ్ళు ఎవరూ ఉండకూడదు, ఈ రెండూ జరిగితేనే చోటు వెనక్కొస్తుంది. డీయూ అనే కమాండ్ ఫోల్డర్లలోని పేర్లు పట్టుకుని తిరుగుతూ లెక్కేస్తుంది కాబట్టి దానికి ఆ ఫైల్ ఇక కనపడదు, డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది కాబట్టి దాని లెక్కలో ఇంకా ఉంటుంది. ఈ రెండు కమాండ్లూ ఒకదాని కింద ఒకటి కొట్టి వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టు, నువ్వు రాసిన "స్టోరేజ్ ఇన్‌కన్సిస్టెన్సీ" అనే పేరా మొత్తం తీసిపారెయ్యొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఫైల్ తీసేశాక చోటు ఆలస్యంగా వెనక్కి రావడాన్ని నువ్వు ఎవరో తెలివితక్కువగా రాసిన కోడ్ లాగ చెప్పావు. అది నాకు నచ్చలేదు, పైగా నిజం కూడా కాదు. ఒక ఫైల్‌కి చివరి క్లోజ్ (దాన్ని పట్టుకున్న ఆఖరివాడు వదిలెయ్యడం) అంటే చిన్న పని కాదు, లాక్‌లు (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళాలు) తీసుకోవాలి, ఫైల్‌సిస్టమ్ లోపలికి చాలా లోతుగా వెళ్ళాలి, ఆ క్లోజ్‌ని పిలిచినవాడు అప్పటికే వేరే లాక్ పట్టుకుని ఉంటే రెండూ ఒకదాని కోసం ఒకటి చూస్తూ బిగుసుకుపోతాయి. అందుకనే 2012లో లినక్స్‌లో ఆ చివరి పనిని కాస్త వాయిదా వేసే ఏర్పాటు తెచ్చారు. మామూలు ప్రోగ్రామ్ అయితే కెర్నల్‌లోంచి (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) బయటికి వెళ్ళబోయే ముందు తన క్లోజ్ తనే చేసుకుని పోతుంది. కెర్నల్ థ్రెడ్ (కెర్నల్ లోపలే నడిచే పని) అయితే బయటికి వెళ్ళడం అనేదే ఉండదు, మరెప్పుడు చేస్తుంది? అందుకని దాని క్లోజ్‌లన్నీ ఒక లిస్టులో పడేసి వెనకాల వర్క్‌క్యూకి (వాయిదా వేసిన పనులు తర్వాత చేసే ఏర్పాటు) అప్పజెప్పారు. మంచి ఆలోచనే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పని చేసే ఎన్ఎఫ్ఎస్‌డీ కూడా కెర్నల్ థ్రెడ్డే.

ఇక్కడ నిదానంగా రాయి, నీ ఆర్టికల్‌లో గట్టి సరుకు ఇదే. ఆ లిస్టు సిస్టమ్ మొత్తానికి ఒక్కటే, దాన్ని ఖాళీ చేసే పనీ ఒక్కటే, అందులో పడేసే ఎన్ఎఫ్ఎస్‌డీ థ్రెడ్లు మాత్రం బోలెడు. మన పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు పదిమంది ఉండి ఎంగిలి విస్తళ్ళు తీసేవాడు ఒక్కడే ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించు, వడ్డించేవాడు తన పని అయిపోయిందనుకుని తర్వాతి బంతికి వెళ్ళిపోతాడు, వెనకాల విస్తళ్ళు అలా పేరుకుపోతూనే ఉంటాయి. క్లోజ్ నెమ్మదిగా అవుతోందన్న సంగతి థ్రెడ్‌కి తెలీదు, అది క్లయింట్‌కి (అడిగిన మెషీన్‌కి) "అయిపోయింది" అని చెప్పేసి ఇంకో రిక్వెస్ట్ అందుకుంటుంది.

2023 చివర్లో లినక్స్ కెర్నల్ డెవలపర్ నీల్ బ్రౌన్ ఇచ్చిన ప్యాచ్ చేసింది ఏంటంటే, ఎన్ఎఫ్ఎస్‌డీ ఆ చివరి క్లోజ్‌ని లిస్టులో పడెయ్యకుండా అక్కడికక్కడే తనే పూర్తి చేస్తుంది. ఎన్ఎఫ్ఎస్‌డీ ఫైల్ మూసే చోట అలా చెయ్యడం క్షేమమే, లాక్‌లు బిగుసుకుపోతాయన్న పాత భయం అక్కడ వర్తించదు. దీనివల్ల ఏమవుతుందో నువ్వు రాయలేదు చూడు, థ్రెడ్ ఆ క్లోజ్ అయ్యేదాకా ఆగాలి కాబట్టి డిస్క్ నెమ్మదిస్తే ఎన్ఎఫ్ఎస్‌డీ కూడా దాంతో పాటే నెమ్మదిస్తుంది. సర్వర్‌ని కావాలనే ఆపి మరీ బాగుచేశారు. నువ్వేమో "స్పీడ్ పెరిగింది" అని రాశావు, దాదాపు ఉల్టా.

ఇంకోటి, ఒక కస్టమర్ దగ్గర 3 కోట్ల క్లోజ్‌లు పెండింగ్‌లో కనపడ్డాయన్న అంకె నువ్వు హెడ్డింగ్‌కి ఎక్కించావు. ఆ ప్యాచ్‌తో రాసిన నోట్‌లోనే, అందులో కొంత ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఉన్న మందకొడితనం వల్లనీ అది తర్వాత సరిచేశారనీ కూడా ఉంది. ఆ ముక్క కోసేసి అంకె మాత్రం ఉంచుకున్నావు. చదివేవాడికి తెలీదులే అనుకోకు, వాడు వెతుకుతాడు. అంకె హెడ్డింగ్‌లోంచి దించు, ఆ రెండో ముక్కతో కలిపి లోపల పెట్టు.

ఇక నాకు గట్టిగా అనుమానం ఉన్న చోటు. మీ ల్యాబ్‌లో జరిగింది ఇదేనని నీకెలా తెలుసు? రాత్రి తీసేస్తే పొద్దున్నకి కూడా ఖాళీ అవ్వలేదని నువ్వే రాశావు. క్యూ అయితే లేటుగానైనా కరగాలి కదా, నాలుగు మెషీన్ల మిక్సింగ్ ల్యాబ్‌లో తెల్లారేదాకా పట్టేన్ని ఫైళ్ళు ఎక్కడివి? నాకు తోచింది చెప్తా. ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 3లో ఓపెన్, క్లోజ్ అనే మాటలు ప్రోటోకాల్‌లోనే లేవు, ఎవరు ఏ ఫైల్ తెరిచారో సర్వర్‌కి తెలీదు. వెర్షన్ 4లో ఉన్నాయి, సర్వర్ గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఒక మెషీన్‌లో ఎవరో పెళ్ళి వీడియో ప్రాజెక్ట్ తెరిచి ఉంచి ఇంటికి పోయి ఉంటే, నువ్వు ఇంకో మెషీన్ నుంచి ఆ ఫైల్ తీసేసినా మొదటి మెషీన్ పేరు మీద సర్వర్ దాన్ని పట్టుకునే ఉంటుంది. అదే మెషీన్ నుంచి తీసేస్తే ఇంకో వేషం, లినక్స్ క్లయింట్ దాన్ని డిలీట్ చెయ్యకుండా చుక్క ఎన్ఎఫ్ఎస్ అని మొదలయ్యే పేరు పెట్టి దాచేస్తుంది, ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్‌కి మైనస్ ఏ తగిలిస్తే బయటపడుతుంది.

సర్వర్‌లో ఎల్ఎస్ఓఎఫ్ (ఏ ప్రాసెస్ ఏ ఫైల్ తెరిచిందో చూపే కమాండ్) కొట్టి ఏమీ కనపడలేదు, అందుకే ఇది కెర్నల్ బగ్గే అని తేల్చావు. ఎన్ఎఫ్ఎస్‌డీ తెరిచిన ఫైళ్ళు ఏ ప్రాసెస్ ఖాతాలోనూ ఉండవు తమ్ముడూ, ఎల్ఎస్ఓఎఫ్‌కి అవి ఎప్పుడూ కనపడవు, అది సాక్ష్యం కాదు. ప్రోక్ (కెర్నల్ తన సంగతులు చూపించే ఫోల్డర్) కింద ఎన్ఎఫ్ఎస్‌డీలో క్లయింట్స్ అని ఫోల్డర్ ఉంటుంది, ఒక్కో క్లయింట్‌కి స్టేట్స్ అని ఒక ఫైల్ ఉంటుంది (కెర్నల్ మరీ పాతదైతే ఉండదు), వెర్షన్ 4లో ఎవరు ఏది పట్టుకున్నారో అందులో చదువుకోవచ్చు. ఆ ఫైల్లో నీ వీడియో కనపడితే కథ మారిపోతుంది, అప్పుడు ప్యాచ్ సంగతి ఆర్టికల్‌కి రెండో భాగం అవుతుంది గానీ జవాబు అవదు. మారినా భయపడకు, అలాంటి ఆర్టికలే నలుగురికి పనికొస్తుంది, ఎందుకంటే చదివే పదిమందిలో తొమ్మిదిమంది ల్యాబ్‌లు మీ ల్యాబ్ లాంటివే.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చక్కగా మాట్లాడినట్టే రాస్తున్నావు, మధ్యలో "తద్వారా", "తత్ఫలితంగా" లాంటివి మాత్రం తీసెయ్.

రెండో డ్రాఫ్ట్ పంపేముందు సర్వర్ కెర్నల్ వెర్షన్ చూసి అందులో రాయి. నంబర్ పాతదిగా కనపడితే ప్యాచ్ లేదని మాత్రం రాసెయ్యకు, డిస్ట్రో వాళ్ళు (లినక్స్‌ని ప్యాక్ చేసి ఇచ్చేవాళ్ళు) కొత్త సవరణలు తెచ్చి పాత కెర్నల్‌లోనే కలుపుతుంటారు, వాళ్ళ ఛేంజ్‌లాగ్‌లో వెతుకు. స్టేట్స్ ఫైల్‌లో ఏం కనపడిందో, ఏమీ కనపడకపోయినా సరే, ఆ లైన్లు మార్చకుండా యథాతథంగా పంపు, నేను ఆదివారం శ్రీకాకుళంలోనే ఉంటాను, కూర్చుని చూస్తాను.

ఉంటాను,
మీ అన్నయ్య