ఎనిమిది గేదెల చావిడికి పేడ తోసే మిషన్ అవసరమా?

మీరు అడిగింది ఇదీ: ఎనిమిది గేదెలు, రెండు పూటలా పైపు పెట్టి కడుగుతున్నా వాసన పోవట్లేదు, ఈగలు తగ్గట్లేదు, పేడ తోసే మిషన్ పెట్టిస్తే పని అవుతుందా అని.

మిషన్ సంగతి మర్చిపోండి. గొలుసుతో లాగే ఆ స్క్రేపర్లు గొడ్లను వదిలేసి తిప్పే పెద్ద షెడ్లకి. గుంజలకు కట్టేసే మన చావిళ్లలో అది తిరగడానికి దారే ఉండదు.

మాది చీమకుర్తి పక్క పల్లె, పది ముర్రా గేదెలు. మొదట్లో నేనూ పైపే పట్టుకున్నా. పేడ మీద నీళ్లు కొడితే అది ఎక్కడికి పోతుంది చెప్పండి? జావలా మారి బండల సందుల్లోకి, కాలవలోకి దిగుతుంది. పేడ, ఉచ్చ కలిసి నిలవుండే చోటే కళ్లు మండే ఆ ఘాటు పుట్టేది. మే నెల వచ్చిందంటే మా బోరు అరగంట పోసి గాలి కక్కుతుంది. కడగడానికి నీళ్లు లేని ఆ వేసవిలోనే చావిడి శుభ్రంగా ఉంది, నమ్ముతారో లేదో.

తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లి ముందు గేదెలన్నిటినీ లేపేస్తా. లేచిన గేదె ఒళ్లు విరుచుకుని, తోకెత్తి, పేడా ఉచ్చా రెండూ కానిస్తుంది. ఈలోగా నేను టీ తాగొస్తా. లేపకుండా ఎత్తితే గంప దిబ్బ మీద పోసొచ్చేసరికి మళ్లీ తయారుగా ఉంటుంది. పెద్ద గేదె ఒక్కటి రోజుకి 15 నుంచి 20 కిలోలు వేస్తుంది కాబట్టి మీ ఎనిమిదింటిదీ క్వింటా దాటుతుంది. గట్టిది పారతో గంపలోకి ఎత్తాలి. పల్చటిది మాత్రం చీపురుకి రాదు, పులుముకుంటుంది. దానికి వెల్డింగ్ షాపులో ఓ తోపుడు చేయించా. రెండడుగుల ఇనప పట్టీకి క్రషర్ల దగ్గర తీసిపారేసిన పాత బెల్టు ముక్క బిగించి, ఛాతీ ఎత్తు పైపు పిడి పెట్టాం. దాంతో గీకితే నేల మీద తడి తప్ప ఏమీ మిగలదు. ఆ తర్వాత నీళ్లు కొట్టండి, నాలుగు బకెట్లు చాలు.

పాలు పితికాక వెంటనే గాడిలో మేత వేయండి. పితికిన అరగంట దాకా చన్నుల రంధ్రాలు పూర్తిగా మూసుకోవు. ఆ టైములో తడి నేల మీద పడుకుంటే పొదుగువాపు తెచ్చుకున్నట్టే. మేత ఉంటే నిలబడి తింటూ ఉంటాయి.

ఇక నేల. ఇక్కడే నేను నష్టపోయా. మా వైపు గ్రానైట్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి కదా, కడగడం తేలికని పాలిష్ బండలు పరిపించా. అద్దంలా ఉందని ఊళ్లో వాళ్లు చూడ్డానికి కూడా వచ్చారు. నెల తిరక్కుండానే చూడి గేదె వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారి చతికిలబడింది. ఆరుగురం పట్టి లేపినా నడుం నిలవలేదు. ఈనకముందే పోయింది. బండలు పీకించి కాంక్రీటు వేయించా. పచ్చిగా ఉండగానే ఇనప చువ్వతో జానెడుకొకటి చొప్పున గీతలు లాగించా. గాడి నుంచి కాలవ వైపు అయిదడుగులకు అంగుళమున్నర వాలు పెట్టించండి. అంతకన్నా ఎక్కువైతే గేదె సుఖంగా నిలబడదు, తక్కువైతే ఉచ్చ నిలుస్తుంది.

ఈగల విషయానికొస్తే అవి పుట్టేది చావిట్లో కాదు, దిబ్బ అంచుల్లోనూ, కాలవ చివర గుంటలోనూ. ఎండాకాలం గుడ్డు నుంచి రెక్కలొచ్చే ఈగ దాకా పది రోజుల్లోపే అయిపోతుంది. అందుకే వారానికోసారి కాలవ గీకి, దిబ్బ చుట్టూ అంచుల్లో ఉన్నది తీసి నడిమికి ఎగదోయాలి. లోపల కాక ఎక్కువ, పురుగు బతకదు. ఈ ఒక్క పనితో మా దగ్గర ఈగలు బాగా తగ్గాయి. బ్లీచింగ్ చల్లుతూ కూర్చున్న రోజుల్లో తగ్గలేదు.

దిబ్బ మెరక మీదే ఉండాలి. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఒక్క తుఫానుకి ఏడాది ఎరువు సారం కాలవల్లో కొట్టుకుపోతుంది. సెప్టెంబరు చివరికి పాత పట్టా ఏదైనా కప్పి, చుట్టూ మట్టి గట్టు వేసేయండి. మిషన్‌కి పెడదామనుకున్న డబ్బుంటే 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ కట్టించుకోండి, దానికి రోజుకి 50 కిలోల పేడ చాలు. మా ఇంట్లో టీ, అన్నం దాని మీదే.

మీ కాలవ ఎటు పోతోందో, చివర గుంట ఉందో లేదో రాయలేదు. వాసన ఇంకా ఉందంటే ముందు అక్కడ పలుగు వేసి చూడండి.