నాన్న పేరు మీదున్న బండికి ఇన్సూరెన్స్ కట్టబోయే మేనల్లుడికి

చిన్నా,

మీ నాన్న బైకు ఇకనుంచి నువ్వే నడుపుతున్నావని, దాని ఇన్సూరెన్స్ నెలాఖరుకి అయిపోతోందని వదిన ఫోన్‌లో చెప్పింది. "ఆర్‌సీ ఆయన పేరు మీద ఉంది, నడిపేది వీడు, డబ్బు కట్టేదీ వీడే. పాలసీ ఎవరి పేరు మీద తీసుకోవాలి?" అని అడిగింది. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేకపోయాను. ఈ విషయంలో మా ఇంట్లో ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. అందుకే రాస్తున్నాను.

పాలసీ మీ నాన్న పేరు మీదే తీసుకో. ఆర్‌సీలో పేరు ఎలా ఉందో పాలసీలో అలాగే ఉండాలి, ఇంటిపేరు పొడి అక్షరాలతో సహా. ఆన్‌లైన్‌లో బండి నంబరు కొట్టగానే చాలా వివరాలు వాటంతటవే వస్తాయి కానీ, పేరు మనమే టైపు చేయాల్సిన చోట్లు కూడా ఉంటాయి. డబ్బు నాదే కదా అని నీ పేరు కొట్టావనుకో, పాలసీ వచ్చేస్తుంది. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. క్లెయిమ్ పెట్టిన రోజు తెలుస్తుంది అసలు సంగతి. బండి పోతే నష్టపోయే హక్కుదారుడే దానికి ఇన్సూరెన్స్ తీసుకోగలడు, చట్టం లెక్కలో ఆ హక్కుదారుడు ఆర్‌సీలో పేరున్న మనిషి. బండి అమ్మేసి చేతులు మారినా సరే, ఆర్‌సీలో పేరు మారేదాకా పాత యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఫోన్ నంబరు మాత్రం నీది ఇవ్వు. రెన్యువల్ మెసేజ్‌లు మీ నాన్న ఫోన్‌కి వెళితే ఆయన చూడడు.

ఇప్పుడు నేను ఎక్కువగా భయపడే విషయం. పాలసీ మీ నాన్న పేరు మీద ఉండి, ఆయన అనుమతితో, సరైన లైసెన్స్‌తో నువ్వు నడుపుతూ ఉండగా ఎవరికైనా దెబ్బ తగిలితే, వాళ్లకి ఇవ్వాల్సిన పరిహారం కంపెనీ ఇస్తుంది. అందులో ఇబ్బంది లేదు. మరి నీకు దెబ్బ తగిలితే? పాలసీలో పదిహేను లక్షల ప్రమాద బీమా అని ఒక లైను ఉంటుంది. అది చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ పదిహేను లక్షలు ఆర్‌సీలో పేరున్న యజమానికి, అదీ ఆయన లైసెన్స్ ఉండి నడుపుతున్నప్పుడు. నీకు కాదు. ఎదుటి బండి తప్పుంటే దాని ఇన్సూరెన్స్ మీద నువ్వు వెళ్లొచ్చు. కానీ నువ్వే జారిపడితే, యజమాని బండి అడిగి నడిపే మనిషి యజమాని స్థానంలోనే ఉన్నట్టు లెక్క, కాబట్టి థర్డ్ పార్టీ (ఆ బండి వల్ల దెబ్బ తగిలిన బయటి మనిషి) కింద ఆ బండి పాలసీని అడగలేడు అని కోర్టులు అంటున్నాయి. 2020లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. రోజూ ఆ బండి మీద తిరిగేది నువ్వు, ఆ కాగితం చూసుకునేది మాత్రం ఇంట్లో కూర్చున్న మీ నాన్నని. అందుకని నీ పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకో. బండి ప్రీమియంలో నాలుగు రూపాయలు మిగుల్చుకుని దీన్ని వదిలేయకు, చిన్నా. నువ్వు ఈ ఉత్తరంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చెయ్యమంటాను. వెనక ఎవరినైనా ఎక్కించుకుంటావు కాబట్టి బండి పాలసీలో వెనక కూర్చునేవాళ్ల కవర్ కూడా అడుగు. మీ నాన్న లైసెన్స్ గడువు అయిపోయి ఉంటే ఆ పదిహేను లక్షల కవర్‌కి ఆయన పేరున డబ్బు కట్టనక్కర్లేదు, ఆ సంగతి కంపెనీకి రాసివ్వాలి.

లైసెన్స్ అన్నాను కాబట్టి, నీది గేరు బండికి ఇచ్చిందేనా చూసుకో. సరైన లైసెన్స్ లేకుండా నడిపి ఎవరినైనా గుద్దితే కంపెనీ బాధితుడికి కట్టి, ఆ సొమ్ము మీ నాన్న దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇంకోటి, సాయంత్రాలు డెలివరీకో బైక్ ట్యాక్సీకో ఈ బండి తిప్పాలనుకుంటే ముందే కంపెనీకి చెప్పు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి పనికి పనిచేయదు.

పాత పాలసీ తీసి తారీఖులు చదువు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకి థర్డ్ పార్టీ భాగం ఐదేళ్లకి కలిపి కట్టించుకుంటున్నారు. సొంత డ్యామేజీ భాగం, అంటే మన బండి పాడైనా పోయినా ఇచ్చేది, చాలాసార్లు మొదటి ఏడాదికే ఉంటుంది. "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉందిగా" అని చాలా ఇళ్లలో నాలుగేళ్లు ధీమాగా ఉంటారు. బండి పోయాక చూస్తే దొంగతనానికి కవరే ఉండదు. గడువు దాటి తొంభై రోజులు గడిస్తే మీ నాన్న క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ (సొంత డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. అది ఐదేళ్లకి యాభై శాతం దాకా వస్తుంది, చిన్నదేం కాదు.

ఇక మా సంగతి. మీ మామయ్య పోయాక బండి ఆయన పేరు మీదే ఉంచేశాం. ఆర్‌సీ మార్చాలంటే ఆయన పేరు కొట్టేయించాలి. నాకు మనసు రాలేదు. మీ బావ రెండేళ్లు ఆయన పేరుతోనే రెన్యువల్ చేస్తూ వచ్చాడు. డబ్బు తీసుకున్నారు, పాలసీ పంపారు, ఎవరూ ఏమీ అడగలేదు. మూడో ఏడు ఇంటి ముందునుంచే బండి పోయింది. ఎఫ్ఐఆర్ పెట్టాం, రెండు తాళాలూ ఇచ్చాం. మరణ ధ్రువపత్రం మీద తేదీ చూసి క్లెయిమ్ ఆపేశారు. పాలసీదారు చనిపోతే ఆ పాలసీ మూడు నెలల వరకో, దాని గడువు అయ్యేవరకో, ఏది ముందైతే అంతవరకే. ఆలోగా వారసులు తమ పేరు మీదికి మార్చుకోవాలి. ఆర్టీవో ఆఫీసులో అయితే ముప్పై రోజుల్లో మరణం సంగతి తెలియజేసి, మూడు నెలల్లో బదిలీకి దరఖాస్తు పెట్టాలి. ఇవేవీ మాకు తెలియవు. మీ బావ ఆ కాగితాలు పట్టుకుని తిరిగిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. బండి పోయినందుకు కాదు, "నాన్న పేరుని నేనే సరిగ్గా చూసుకోలేకపోయాను" అని వాడు అన్న మాటకి.

అన్నయ్య నిండు నూరేళ్లూ ఉండాలి. ఆ మాట అనుకుంటూనే చెబుతున్నాను: బండి ఎప్పటికీ నీ దగ్గరే ఉండేట్టయితే, ఆయన ఉండగానే ఆర్‌సీ నీ పేరు మీదికి మార్పించు. ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు, ఆర్టీవోకి దరఖాస్తు, అంతే. మారాక పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పేరు మార్పించుకో. థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం దానంతట అదే నీకు వస్తుంది. సొంత డ్యామేజీ భాగం అలా రాదు. నో క్లెయిమ్ బోనస్ కూడా నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. మీ నాన్నని ఆ సర్టిఫికెట్ తీసుకోమను, మూడేళ్లలోపు ఆయన ఇంకో బండి కొంటే పనికొస్తుంది. నీకు ప్రీమియం కొంచెం పెరుగుతుంది. పెరిగినా మార్చుకోమనే చెబుతాను, ఎందుకంటే అప్పుడు ఆ పదిహేను లక్షల లైను నీది అవుతుంది. బండి మీద అప్పు ఇంకా ఉంటే మాత్రం ముందు ఫైనాన్స్ వాళ్ల అనుమతి కాగితం కావాలి.

ఇవన్నీ ఈ వారంలో అయ్యే పనులు కావని నాకు తెలుసు. ఈ నెలాఖరులోపు మీ నాన్న పేరుతో రెన్యువల్, నీ పేరుతో ప్రమాద బీమా, ఈ రెండూ చేసెయ్. ఆర్‌సీ, పాత పాలసీ, నీ లైసెన్స్ ఫోటోలు నాకు పంపు. పేర్లు, తారీఖులు నేను ఒకసారి సరిచూసి చెబుతాను, ఆ తర్వాతే డబ్బు కట్టు.

ఆశీస్సులతో,
అత్తయ్య