12 ఏళ్ల పాత కారు కొంటే రిపేర్లకు ఎంత పెట్టుకోవాలి?

నల్గొండలో లక్షన్నరకు వస్తున్న 12 ఏళ్ల చిన్న పెట్రోలు కారు కొనవచ్చా అని అడిగారు. ముందు రేడియేటర్ చూడండి. మన దగ్గర కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గితే చాలామంది బోరు నీళ్లు పోసేస్తారు. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. మే నెల ఎండలో హైవే ఎక్కితే ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికి, కింది బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోతుంది. కూలెంట్ మార్చడం వందల్లో తేలే పని. గాస్కెట్ దాకా వస్తే లేతు పనితో కలిపి 15 నుంచి 20 వేలు. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీయించండి. లోపల తుప్పు రంగు నీళ్లుంటే నేనైతే బేరం అక్కడితో ఆపేస్తాను.

క్లచ్ సెట్టుకు సుమారు 8 వేలు, షాక్ అబ్జార్బర్లకు, బుష్‌లకు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) మరో 10 వేలు అనుకోండి. మీటరు అంకెను నమ్మకండి, దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. బండి నిజంగా ఎంత తిరిగిందో తెలియాలంటే బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూడండి. ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) గడువు 15 ఏళ్లే. అంటే మూడేళ్లలో ఫిట్‌నెస్ పరీక్ష, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ (పాత బళ్లపై వేసే పర్యావరణ పన్ను) మీ మీదే పడతాయి.