రస్ట్ ఇన్ పీస్ పాతది వినాలా, 2004 రీమాస్టర్ వినాలా?

జయపురం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: మెగాడెత్ అనే మెటల్ బ్యాండ్ వాళ్ళ రస్ట్ ఇన్ పీస్ ఆల్బమ్ ఫోన్‌లో వింటున్నాను, నాకు బ్రహ్మాండంగా ఉంది, కానీ తెలిసిన అన్నలందరూ "అది రీమాస్టర్‌రా, చెత్త, అసలుది విను" అంటున్నారు, నిజంగా అంత తేడా ఉందా, లేక ఊరికే బడాయి పోతున్నారా అని.

తేడా ఉంది తమ్ముడూ. బడాయి కూడా ఉంది. ఏది ఎంతో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

2004లో వచ్చిన ఆ డిస్కుని అందరూ రీమాస్టర్ అనే పిలుస్తారు గానీ, అది రీమిక్స్ కూడా. ఈ రెండు పనులూ వేరని తెలియకుండా వాదించుకునేవాళ్ళే ఎక్కువ. నేను ఉండేది రాయగడ. మా చిన్నాన్నది మైక్ సెట్ వ్యాపారం, పెళ్ళిళ్ళకీ రథయాత్రకీ వినాయకచవితికీ బాక్సులు కట్టడం కాలేజీ రోజుల నుంచీ నాకు అలవాటైన పని, కాబట్టి నాకు తెలిసిన దారిలోనే చెప్తాను.

పెళ్ళికి ఆర్కెస్ట్రా వచ్చిందనుకో. మిక్సర్ మీద పాడే అమ్మాయికి ఒక ఫేడర్ (సౌండ్ పెంచడానికీ తగ్గించడానికీ పైకీ కిందికీ జరిపే బటన్), కీబోర్డుకి ఒకటి, ప్యాడ్‌కి ఒకటి, గిటార్‌కి ఒకటి ఉంటాయి. ప్యాడ్ మోత గొంతుని మింగేస్తుంటే ఆ ఒక్క ఫేడర్ కిందికి లాగితే చాలు, మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. అదే ఆర్కెస్ట్రావాళ్ళు తమ మిక్సర్ తామే తెచ్చుకుని, అన్నీ కలిపేసి, ఎడమకి ఒకటి కుడికి ఒకటి చొప్పున రెండు వైర్లు మాత్రం నా చేతిలో పెట్టారనుకో, అప్పుడు నేను తిప్పగలిగేది బేస్, ట్రెబుల్, మొత్తం సౌండ్, అంతే. ప్యాడ్ తగ్గాలని బేస్ తగ్గిస్తే గొంతు కూడా పలచబడుతుంది. మాస్టరింగ్ చేసేవాడికి దొరికేది ఆ రెండు వైర్లే. మిక్సింగ్ చేసేవాడికి ఫేడర్లన్నీ దొరుకుతాయి. ఇంతవరకూ అర్థమైతే మిగతాదంతా సులువు.

రస్ట్ ఇన్ పీస్ 1990 సెప్టెంబర్‌లో క్యాపిటల్ కంపెనీ నుంచి వచ్చింది. డేవ్ మస్టైన్ (గొంతు, గిటార్), మార్టీ ఫ్రీడ్‌మన్ (గిటార్), డేవిడ్ ఎలెఫ్‌సన్ (బేస్), నిక్ మెంజా (డ్రమ్స్), ఈ నలుగురూ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ అదే. మస్టైన్‌తో కలిసి మైక్ క్లింక్ ప్రొడ్యూస్ చేశాడు, మ్యాక్స్ నార్మన్ మిక్స్ చేశాడు. తర్వాత 2002లో మస్టైన్‌కి చేతి నరం దెబ్బతిని గిటార్ పట్టుకోలేని పరిస్థితి వచ్చింది, బ్యాండ్ ఆగిపోయింది. కోలుకున్నాక 2004లో కొత్త ఆల్బమ్‌తో మళ్ళీ మొదలుపెట్టాడు, ఆ ఏడాదే క్యాపిటల్ రోజుల పాత ఆల్బమ్‌లన్నిటి టేపులూ బయటికి తీయించి రాల్ఫ్ ప్యాట్లన్ అనే ఇంజనీరుతో కలిసి మళ్ళీ మిక్స్ చేశాడు. అంటే ఫేడర్లన్నీ తన ముందు పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. పాత టేపుల్లో కొన్ని పాటల గొంతు ట్రాక్‌లు దొరకలేదు. దాంతో ఆ ముక్కలు తనే మళ్ళీ పాడాడు.

మీ అన్నలకి మండేది ఇక్కడే. టేక్ నో ప్రిజనర్స్ పాట తీసుకో. 2004 దాంట్లో వినిపించేది 1990 నాటి గొంతు కాదు, పద్నాలుగేళ్ళు పెద్దవాడైన మనిషి గొంతు. పాతదాంట్లో ఆ పాటలో పళ్ళు కొరుకుతూ మీదికొచ్చే దూకుడు ఉంటుంది, కొత్తదాంట్లో పదాలు స్పష్టంగా ఉంటాయి గానీ ఆ కసి తగ్గింది. చుట్టూ గిటార్లు, డ్రమ్స్ 1990వే, మధ్యలో గొంతు మాత్రం 2004ది. ఒక్కసారి గమనించాక ఇక వినకుండా ఉండలేం. దీన్ని మాత్రం బడాయి అనను, మీ అన్నల మాట ఈ విషయంలో న్యాయమే.

కానీ ఆల్బమ్ మొత్తం చెత్త అంటే ఒప్పుకోను. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్లో ఒక హార్డ్ డిస్క్ గది గదికీ తిరిగేది, అందులో ఈ ఆల్బమ్ రెండు ఫోల్డర్లలో ఉండేది, ఏది ఏదో పేరు లేదు. ఎవడికి ఏ ఫోల్డర్ ముందు దొరికితే వాడికి అదే అసలుది. నాకు ముందు దొరికింది 2004ది. అందుకే పాతది మొదట విన్నప్పుడు "ఇదేంటి, ఎక్కడో పక్క గదిలో వాయిస్తున్నట్టుంది" అనిపించింది. పాతది ముందు విన్న మా శ్రీకాకుళం రూమ్మేట్‌కి నా ఫోల్డర్ వింటే తలనొప్పి వచ్చేది. ఈ వాదాలు మెస్సులో ఒడియా, తెలుగు కలిపి జరిగేవి, పక్క టేబుల్ వాళ్ళకి మేం దేని గురించి కొట్టుకుంటున్నామో ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. ముందు విన్నది చెవిలో పాతుకుపోతుంది, తర్వాత విన్నది తేడాగా అనిపిస్తుంది. నీకు వచ్చే సలహాల్లో సగానికి మూలం ఇదే.

మిగతా సగానికి మూలం సౌండ్ ఎక్కువ తక్కువలు. కొత్త మాస్టర్ పాతదానికంటే గట్టిగా ఉంటుంది, పక్కపక్కన పెట్టి వింటే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఇది నా సొంత కవిత్వం కాదు. సౌండ్ పెరిగేకొద్దీ బేస్, ట్రెబుల్ మనకి మరింత నిండుగా వినపడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. మా చిన్నాన్నకి వాళ్ళ పేర్లు తెలియవు గానీ సంగతి తెలుసు, పార్టీ వచ్చి "బాక్సులు బాగోలేవు" అంటే ఏమీ మార్చకుండా రవ్వంత సౌండ్ పెంచి "ఇప్పుడు చూడండి" అంటాడు, వాళ్ళు తల ఊపి వెళ్ళిపోతారు.

అందుకే నేను ఒకసారి షెడ్డులో ఇలా చేశాను. రెండు వెర్షన్లనీ మిక్సర్‌లో రెండు ఛానళ్ళకి ఇచ్చి, మీటర్ చూసి సౌండ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా దోస్తులకి వినిపించాను. సమానం చేయగానే సగం మంది గొంతు మారింది. ఎప్పుడూ 2004దే గొప్ప అనేవాడు బ్లైండ్‌గా వినిపిస్తే పాతదాన్ని ఎంచుకున్నాడు, తర్వాత ఒప్పుకోలేదు, "నువ్వు వైర్లు మార్చావు" అన్నాడు. బరంపురం నుంచి వచ్చిన డ్రమ్మర్ మాత్రం మొదటి నిమిషంలోనే కొత్తదాన్ని పట్టేశాడు, ఎందుకంటే అందులో మెంజా కిక్ డ్రమ్ టక్ టక్ మని ముందుకొచ్చి కొడుతుంది, రెండు కాళ్ళతో కొట్టే డబుల్ బేస్ డ్రమ్ దెబ్బలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. అతనికి అదే కావాలి. పర్లాకిమిడి గిటారిస్టు పాతదే అన్నాడు, పాతదాంట్లో స్నేర్ డ్రమ్ చుట్టూ, గిటార్ల వెనక కొంత గాలి ఉంటుందనీ, టొర్నాడో ఆఫ్ సోల్స్‌లో ఫ్రీడ్‌మన్ సోలో ఆ గాలిలోకి లేస్తుందనీ, కొత్తదాంట్లో అన్నీ మొహం మీదే ఉన్నాయనీ అతని వాదన. మా చిన్నాన్న కాసేపు విని "రెండోదాంట్లో ఎవడూ ఊపిరి తీసుకోవట్లేదు, మొదటిదాంట్లో ఎవడూ దగ్గరికి రావట్లేదు, నాకు రెండూ వద్దు" అని టీకి వెళ్ళిపోయాడు. ఇప్పటివరకూ నేను చదివిన ఏ రివ్యూ కంటే ఆయన మాటే దగ్గరగా ఉంది.

నా మాట అడిగితే: గొంతు కోసం, హ్యాంగర్ 18లో ఒకరి మీద ఒకరు ఎగబడే సోలోల కోసం పాతదే. డాన్ పెట్రోల్ లాంటి చోట, అక్కడ ఉన్నదే బేస్, డ్రమ్స్, ఒక గొణుగుడు గొంతు, 2004లో ఎలెఫ్‌సన్ బేస్ తీగ గీసుకునే చప్పుడు కూడా తెలుస్తుంది, అక్కడ నాకు కొత్తదే ఇష్టం. రెండూ ఉంచుకున్నాను.

ఇప్పుడు దీనికి పూర్తిగా తిరగేసిన కేసు ఒకటి చెప్పాలి, నీకు రెండు వైర్ల సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంకో మెటల్ బ్యాండ్ మెటాలికా 1988లో తెచ్చిన అండ్ జస్టిస్ ఫర్ ఆల్ అనే ఆల్బమ్. జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ అందులో దాదాపు వినపడదు, ముప్పై ఏళ్ళుగా ఫ్యాన్స్ ఏడుపు అదే. మిక్స్ చేసిన ఇద్దరిలో ఒకడైన స్టీవ్ థాంప్సన్, బేస్ బాగా తగ్గించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ అడిగాడని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 2018 నవంబర్‌లో దాని రీమాస్టర్ వస్తోందనగానే ఈసారైనా బేస్ వస్తుందని ఎంతమంది ఆశపడ్డారో. రాలేదు. వచ్చే వీలూ లేదు, ఎందుకంటే అది ఉత్త రీమాస్టర్, ఫేడర్లు ఎవరూ ముట్టుకోలేదు. శుభ్రంగా ఉంది, గిటార్లు కాస్త నిండుగా ఉన్నాయి, అంతే. దాన్ని తిట్టినవాళ్ళు మాస్టరింగ్ ఇంజనీరు చేతిలో లేని పనికి అతన్ని తిట్టారు. వినేవాళ్ళ తీరు చూడు, మెటాలికా మిక్స్ ముట్టుకోలేదని తిడతారు, మస్టైన్ ముట్టుకున్నాడని తిడతారు. నేను మాత్రం మెటాలికా పక్షమే, ఆ బేస్ లేకపోవడం నాకూ మంటే అయినా 1988లో జరిగింది జరిగినట్టే ఉంచారు. మస్టైన్ కూడా పాత మిక్స్‌ని పక్కనే దొరికేలా ఉంచి తన రీమిక్స్‌ని వేరే పేరుతో అమ్ముంటే ఇంత గొడవ ఉండేది కాదు.

మాస్టరింగ్‌తో బాగుపడనివి ఇంకా ఉన్నాయి. మెటాలికాదే 2008 డెత్ మ్యాగ్నెటిక్ మొత్తం పగిలిన సౌండే, మాస్టర్ చేసిన టెడ్ జెన్సన్ తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్‌లు సౌండ్ పెంచి పెంచి నలిగిపోయి ఉన్నాయని చెప్పాడు. అదే పాటలు గిటార్ హీరో గేమ్‌లో తక్కువ నలిగిన రూపంలో రావడంతో జనం గేమ్‌లోంచి పాటలు లాగి విన్నారు. స్లేయర్ వాళ్ళ రెయిన్ ఇన్ బ్లడ్ సంగతి వేరు. 1986లోనే ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ ఎకో, గాలి అన్నీ తీసేసి పొడిగా వదిలాడు, అరగంట కూడా లేని ఆల్బమ్, దాన్ని ఎన్నిసార్లు రీమాస్టర్ చేసినా పెద్దగా మార్చడానికి ఏమీ లేదు.

నీ ఫోన్ విషయం. పోల్చి చూడాలనుకుంటే ముందు ఈక్వలైజర్, బేస్ బూస్ట్, ఆ డాల్బీ బటన్ అన్నీ ఆపేయి, లేకపోతే నువ్వు వినేది ఫోన్ కంపెనీ చేసిన మూడో రీమిక్స్. యాప్‌లో సౌండ్ సమానం చేసే సెట్టింగ్ ఉంటే అది వేసుకో. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ గట్టిదనం కొలిచే లెక్క) అనే ఒకే మట్టానికి తెస్తుంది కాబట్టి గట్టి మాస్టర్‌కి ఉన్న అడ్డదారి లాభం పోతుంది, గట్టిదనం పోయాక అందులో ఇంకేం మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. బ్లూటూత్ డబ్బాలో మాత్రం పోల్చకు, ఆ చిన్న స్పీకర్లలో రెండూ ఒకేలా గీ పెడతాయి. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు, వేలు పోసి కొనక్కర్లేదు. రోడ్డు మీద లారీల మోతలో కాకుండా రాత్రి పడుకునే ముందు విను.

ఒకే పాటని పెట్టి మారుస్తూ కూర్చోకు, అలా చేస్తే చెవి తేడాలు వెతుక్కుంటుంది గానీ పాట వినదు. ఆల్బమ్ మొత్తం నలభై నిమిషాలు, ఒక రోజు అది, ఇంకో రోజు ఇది, పూర్తిగా విను. తర్వాత కూడా నీకు 2004దే నచ్చితే అదే విను, ఎవడికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మీ అన్నలు పాతది మొదట విన్నవాళ్ళని నేను పందెం కాస్తాను.

ఇక సెకండ్ హ్యాండ్ సీడీ కొందామనుకుంటున్నానని చివర్లో రాశావు కదా. ముందు అట్ట కాదు, వెనక అట్ట చూడు. హోలీ వార్స్‌తో మొదలై రస్ట్ ఇన్ పీస్... పొలారిస్‌తో ముగిసే తొమ్మిది పాటలే ఉంటే చాలావరకు పాత మిక్స్. వాటి కింద మై క్రియేషన్ అనే పాటా, మూడు డెమోలూ కలిపి పదమూడు ఉంటే అది 2004ది. ఆ డెమోల్లో లీడ్ గిటార్ వాయించింది ఫ్రీడ్‌మన్ కాదు, అంతకుముందు బ్యాండ్‌లో ఉన్న క్రిస్ పోలండ్, వాటి కోసమైనా ధర బాగుంటే తీసుకో. ఫోటోలో వెనక అట్ట చూపించని అమ్మకందారుకి డబ్బు ముందే పంపకు.