చిన్నీకి, వెబ్ ఆప్షన్లు పెట్టేముందు

చిన్నీ,

ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో పద్నాలుగు వేల ర్యాంకు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. అప్పుడు వాడి గొంతు నువ్వు వినాల్సింది. షాపులో మిషన్ ఆపేసి, కస్టమర్లను నిలబెట్టి మరీ మాట్లాడాడు. నేనూ మా వీధిలో ఎవరినీ వదలకుండా చెప్పేశాను, మా మేనకోడలు ఇంజనీరింగ్ చదవబోతోందని. అయితే ఫోన్ పెట్టేసే ముందు వాడు ఇంకో మాట అన్నాడు. "బస్టాండు దగ్గర కన్సల్టెన్సీ ఆయన ఉన్నాడక్కా, ఆప్షన్లన్నీ ఆయనే పెట్టిస్తాడట, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒకసారి తెమ్మన్నాడు" అని. అదిగో, అప్పటినుంచి నాకు నిద్ర లేదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని తెలుసు కాబట్టి ఇలా రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

స్లాట్ బుకింగ్, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, కావలసిన కాలేజీలు, బ్రాంచీలు వరసగా ఆప్షన్లు పెట్టడం, ఆ లిస్టు ఖరారు చేసే ఫ్రీజింగ్ లాంటివి నాకంటే నీకే బాగా తెలుసు. కాలేజీవాళ్లే నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ కోటా సీటు మాట ఎవరెత్తినా దండం పెట్టి లేచి వచ్చెయ్. నేను చెప్పాలనుకున్నది డబ్బు గురించి, కాగితాల గురించి.

నేను ఇన్నేళ్లు ఉద్యోగం చేసింది ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఫీజు కౌంటర్‌లో అని నీకు తెలుసు కదా. మొదటి సంవత్సరం తండ్రులు నవ్వుతూ కడతారు. రెండో ఏడు కొంచెం తగ్గించమని అడుగుతారు. మూడో ఏడాదికి వచ్చేసరికి అద్దంలోంచి చెయ్యి లోపలికి పెట్టి, నలిగిన నోట్లు ఒక్కొక్కటే సాపు చేసి ఇస్తూ "ఇంకా ఎంత ఉందమ్మా" అంటారు. ఆ పక్కనే పిల్లలు బాకీ లేదని రాయించుకునే నో డ్యూస్ కాగితం పట్టుకుని, తండ్రి వైపు చూడకుండా నిలబడతారు. ఆ వరసలో నా తమ్ముడు నిలబడకూడదు. అందుకే లెక్క చెబుతున్నాను.

మనం బీసీలం. పది వేల లోపు ర్యాంకు వచ్చి ఉంటే తెలంగాణ ప్రభుత్వం పూర్తి ఫీజు ఇచ్చేది. నీకు అది దాటింది కాబట్టి ఏడాదికి ముప్పై అయిదు వేలే వస్తుంది. అది కూడా ఆదాయం పట్టణంలో రెండు లక్షలు, పల్లెలో లక్షన్నర దాటకపోతేనే. కాలేజీ ఫీజు లక్షా ఇరవై వేలనుకో. ఏటా ఎనభై అయిదు వేలు, నాలుగేళ్లకు మూడు లక్షల నలభై వేలు మన చేతి నుంచి పోతుంది. ఫీజు అరవై వేలున్న చోట అదే లెక్క లక్షకు ఆగుతుంది. ఇంత తేడాకు తగ్గ చదువు అక్కడ నిజంగా ఉందా అని అడుగు. బస్సు ఫీజు, ఎగ్జామ్ ఫీజు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజు కూడా విడిగా అడిగి రాసుకో. కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో కనిపించేది ట్యూషన్ ఫీజు ఒక్కటే.

ఆ ముప్పై అయిదు వేలు కూడా టైముకి వస్తాయనుకోకు. బకాయిల కోసం 2025 నవంబరులో మన దగ్గర ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. "మీరు ముందు కట్టండి, గవర్నమెంటు ఇచ్చాక తిరిగిస్తాం" అనే కాలేజీలున్నాయి. నీ లిస్టులో ఉన్నవాటి పద్ధతేమిటో అక్కడి సీనియర్లను అడిగి తెలుసుకో. లోటు పడితే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ అడగండి, ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఎవరి దగ్గరా చెయ్యి చాచొద్దని మీ నాన్నకు నా మాటగా చెప్పు.

ఇక మీ చిన్న బాబాయి సంగతి. ఇంట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి నీకు తెలిసి ఉండదు.

2010లో వాడు ఇంటర్ పాసయ్యాడు. నీ అంత కాకపోయినా మంచి ర్యాంకే. అప్పుడు కాలేజీల మనుషులు ఊళ్లమ్మట తిరిగేవాళ్లు. ఒక సాయంత్రం ఇద్దరు టక్ చేసుకుని వచ్చారు, చేతిలో స్వీట్ బాక్సు. తాతయ్యను "పెద్దాయనా" అంటూ కాళ్లకు దండం పెట్టారు. పైసా కట్టక్కర్లేదు, గవర్నమెంటే ఫీజు ఇచ్చే రీయింబర్స్‌మెంట్ ఉంది, బాబుకి సీటు బ్లాక్ చేస్తాం, సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వండి అన్నారు. తాతయ్య లోపలికెళ్లి ట్రంకు పెట్టె తెరిచి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ అన్నీ తీసిచ్చాడు. రసీదు అడగాలని ఎవరికీ తోచలేదు. స్వీట్లు బాగున్నాయి, అందరం తిన్నాం.

వెరిఫికేషన్ రోజు సర్టిఫికెట్లు కావాలని వీడు ఫోన్ చేస్తే, "మేమే తీసుకెళ్తాం, నువ్వు ఊరికే రా" అన్నారు. వ్యాను వచ్చింది. అందులో అప్పటికే వీడిలాంటి పిల్లలు కూర్చుని ఉన్నారు. హెల్ప్‌లైన్ సెంటర్లో పని అవగానే పాస్‌వర్డ్ ఉన్న కాగితం వాళ్లే తీసుకున్నారు. ఆప్షన్లు కాలేజీ ఆఫీసులో వాళ్ల మనిషి కొట్టాడు. లిస్టులో ఒక్కటే కాలేజీ, దాని బ్రాంచీలు. సీటు రాక ఛస్తుందా?

ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పే ఆ ఏడాది లాస్ట్ ర్యాంకులు బయటికొచ్చాక నేను కూర్చుని చూశాను. వీడి ర్యాంకుకి యూనివర్సిటీ కాలేజీలోనే సీటు వచ్చేది. మార్చుకుందామని వెళ్తే నాలుగేళ్ల ఫీజు కట్టి సర్టిఫికెట్లు పట్టుకెళ్లమన్నారు. తాతయ్య ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, బస్సెక్కి వచ్చేశాడు. అన్నం తినమంటే కదల్లేదు.

తర్వాత మూడో ఏటికి లెక్చరర్లు సగం మంది లేరు. ల్యాబ్ రికార్డులు సీనియర్లవి చూసి దింపుకోవడమే. ఫెయిలైన సబ్జెక్టుల బ్యాక్‌లాగ్స్ తీర్చుకుని డిగ్రీ చేతికి తెచ్చుకునేసరికి వాడి ఉత్సాహం పోయింది. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, మూసేశారు. బాబాయి ఇప్పుడు బాగానే ఉన్నాడు, సంతోషం. కానీ నీ ర్యాంకు విని వాడు నాతో అన్న మొదటి మాట, "దాని సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి?" అని.

అర్థమైందా? ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని కాలేజీలకు రూల్స్ పెట్టే ఏఐసీటీఈ, యూజీసీ ఎప్పుడో చెప్పాయి. అయినా ఒకసారి వాళ్ల బీరువాలోకి వెళ్లాక రూల్ చదివి వినిపిస్తే తలుపు తెరుచుకోదు. వెరిఫికేషన్లో చూపించు, వెనక్కి తీసుకో, అక్కడే లెక్కపెట్టుకో. కాలేజీలో చేరేటప్పుడు టీసీ ఇవ్వాలి, మిగతావాటికి జిరాక్సులు చాలు. జిప్పున్న ఫోల్డర్ ఒకటి కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను. ఓటీపీ కూడా అంతే. ఆప్షన్లు నువ్వే నీ చేత్తో పెట్టు. నెట్ సెంటర్‌కి వెళ్లినా స్క్రీన్ ముందు కూర్చునేది నువ్వే.

కాలేజీ ఎలా చూడాలంటావా, వెబ్‌సైట్లో పచ్చగడ్డి ఫొటోలు చూడకు. నాన్నను తీసుకుని మామూలు పనిరోజు, పదకొండు గంటలప్పుడు వెళ్లు. ల్యాబులోకి తొంగి చూడు. సిస్టమ్స్ ఆన్‌లో ఉన్నాయా, మీటర్ల మీద కవర్లు తీయకుండా ఉన్నాయా చూస్తే సగం తెలిసిపోతుంది. గేటు బయట టీ తాగే థర్డ్ ఇయర్ పిల్లల్ని అడుగు, పోయినేడు పాఠం చెప్పిన సార్లలో ఈ ఏడు ఎంతమంది ఉన్నారని. మా కాలేజీలో యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వచ్చే రోజున నాకే తెలియని లెక్చరర్లు కనిపించేవారు, సాయంత్రానికి మాయం. నాణ్యత చూసి ఇచ్చేవాటిలో న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి. నీ బ్రాంచికి ఉందో లేదో అది చూడు. హోర్డింగ్ మీద నలభై లక్షల ప్యాకేజీ ఒక్క పిల్లాడిదే. కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి దరఖాస్తు చేసిన కాలేజీ తన వివరాల పీడీఎఫ్ వెబ్‌సైట్లో పెడుతుంది. అందులో ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతమెంత అన్నీ ఉంటాయి.

కంప్యూటర్ సైన్స్, అదే సీఎస్ఈ కావాలంటున్నావట. కావాలనుకో, తప్పు లేదు. కానీ 2024 నుంచి ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితి ఎత్తేశాక ఒక్కో కాలేజీలో సెక్షన్లు ఇంగ్లీషు అక్షరమాలలా పెరిగిపోయాయి. అంతమందికి చెప్పేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? కొత్త కాలేజీలో ఏఐ అనే పేరున్న సీటు కంటే పాత యూనివర్సిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ), ఎలక్ట్రికల్ (ఈఈఈ) నాకు నయమనిపిస్తుంది. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూ కాలేజీలు దూరమని కొట్టిపారేయకు. రెగ్యులర్ కోర్సా, పిల్లల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్సా అన్నది మాత్రం చూసుకో, ఫీజులో తేడా ఉంటుంది. దూరమైతే భయం నాకే, ఆడపిల్లవి, హాస్టల్ ఎలా ఉంటుందోనని. నీకు లేని భయం నేను ఎక్కించకూడదనుకో. ఒకసారి నేనే వచ్చి ఆ హాస్టల్ బాత్రూములు చూసి చెబుతాను, సరేనా.

లాస్ట్ ర్యాంకుల పట్టికలో నీ బీసీ గ్రూపు, గర్ల్స్ కాలమ్ చూసి లిస్టు రాయి. ఎక్కువ రాయి, కానీ సీటొస్తే వెళ్లనని తెలిసినదాన్ని ఒక్కటి కూడా పెట్టకు. మొదటి విడతలో వచ్చింది పెట్టుకుని రెండో విడతలో మళ్లీ ఆప్షన్లిస్తే, కొత్త సీటు రాగానే పాతది పోతుంది. అది గుర్తుంచుకుని అప్పుడు నిజంగా మెరుగైనవే పెట్టు.

ఫ్రీజ్ చేసేముందు ఆ లిస్టు కాగితం మీద రాసి, పక్కన నాలుగేళ్ల ఖర్చు వేసి ఫొటో నాకు పంపు. కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేస్తే మీ నాన్న మొహమాటపడతాడు, నువ్వే ఎత్తి మా అత్తను అడగాలని చెప్పు. నా నంబరిచ్చినా పర్వాలేదు.

మీ అత్త