8.40కి చేసిన ఆ ఫోన్ కాలే మీ కేసు

ప్రశ్న: నాన్నగారు రిటైర్డ్ టీచర్. పోయిన నెల వాట్సాప్‌లో 'ట్రాఫిక్ చలానా' అంటూ వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) నొక్కారు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. అయినా రాత్రి 8.05కి 95 వేలు, 8.22కి 90 వేలు పోయాయి. 8.40కి బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం. 9.10కి ఇంకో లక్ష పోయింది. అది చెల్లి పెళ్లికి దాచిన డబ్బు. నాన్న అన్నం కూడా సరిగా తినడం లేదు. బ్రాంచికి రెండుసార్లు వెళ్తే 'తప్పు మీదే' అన్నారు. ఆ రోజు ఫోన్ పోయిందని కంప్లైంట్ రాస్తే బ్యాంకే కడుతుందని బాబాయి అంటున్నారు. రాయొచ్చా?

జవాబు: రాయొద్దు. ఫోన్ పోయిందంటే 8.40కి బ్యాంకుకు కాల్ చేసిందెవరని మొదటి రోజే అడుగుతారు. మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క గట్టి సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకున్నట్టు. పైగా పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217 సెక్షన్ కింద నేరం కావచ్చు.

మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ కాల్ మీదే కేసంతా నిలబడుతుంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న సర్క్యులర్‌గా తెచ్చిన నిబంధనల ప్రకారం, ఖాతాదారుడిదే నిర్లక్ష్యం అయినా సరే, బ్యాంకుకు తెలియజేశాక పోయిన సొమ్ము బ్యాంకే భరించాలి. కాబట్టి 9.10కి పోయిన లక్షకు 'తప్పు మీదే' అన్న జవాబు చెల్లదు.

మిగతా 1,85,000 సంగతి వేరు. ఓటీపీ నాన్నగారు చెప్పలేదు, ఆ ఫైలే మెసేజ్‌లు చదివి పంపేసిందన్నది మీ వాదన. తెలియని ఫైల్ వేసుకోవడమే నిర్లక్ష్యం అని బ్యాంకు అంటుంది. నిరూపించాల్సిన భారం మాత్రం అవే నిబంధనల ప్రకారం బ్యాంకుది. వస్తుందని నేను మాట ఇవ్వలేను, అడగకుండా వదలొద్దు.

ఇక మీరు చేసిన తప్పు. నెల రోజులుగా నోటి మాటలతో తిరిగారు. ఒక్క కాగితం ఇవ్వలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినట్టూ రాయలేదు. మొదటి గంటల్లో చేసి ఉంటే డబ్బు అవతలి ఖాతాలోనే ఆగే అవకాశం ఉండేది. ఇప్పటికైనా చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. ఎక్కడైనా కొంత సొమ్ము ఫ్రీజ్ అయి ఉంటే కోర్టు ఉత్తర్వుతో వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఆ ఫోన్‌ను షాపులో ఇచ్చి రీసెట్ చేయించకండి. సిమ్ తీసి, స్విచాఫ్ చేసి పక్కన పెట్టండి. తీసే ముందు కాల్ లాగ్‌లో 8.40 కనిపించేలా, మూడు డెబిట్ మెసేజ్‌లు, ఆ చలానా మెసేజ్ వచ్చిన నంబరు కనిపించేలా వేరే ఫోన్‌తో ఫొటోలు తీయండి. కాల్ లాగ్ చెరిగిపోయి ఉంటే ఆ రోజు కాల్ వివరాల కోసం సిమ్ కంపెనీకి ఈ వారమే రాయండి.

తర్వాత బ్యాంకుకు జరిగింది జరిగినట్టు, ఫైల్ నొక్కిన సంగతితో సహా రాసి ఇవ్వండి. కస్టమర్ కేర్ ఇచ్చిన కంప్లైంట్ నంబరు ఉంటే వేయండి. 8.40 నాటి కాల్ రికార్డింగ్ భద్రపరచమని అందులోనే కోరండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి, ఫీజు లేదు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. దానికి గడువు రెండేళ్లు. ఆ లెక్క డబ్బు పోయిన రోజు నుంచే వేసుకోండి, బ్యాంకు జవాబు వచ్చిన రోజు నుంచి కాదు.

బ్రాంచికి రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోనిదే కౌంటర్ దగ్గర నుంచి కదలకండి. వేయనంటే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.